వీసాకు వెళ్లేవాళ్ల చెవిలో ఊదే సలహాలు

మొన్న సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రీ కొడుకూ మా షాపుకొచ్చారు. అమీర్‌పేటలో రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న చిన్న గది మాది. పదిహేడేళ్లుగా అక్కడే కూర్చుని పాస్‌పోర్టు అప్లికేషన్లు, అఫిడవిట్లు, అమెరికా వీసాకు డీఎస్-160 ఫారాలు నింపుతున్నాను. అబ్బాయికి బీటెక్ అయిపోయింది, అక్కడి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చేతికొచ్చింది. పేరు, ఊరు, చదువు, తల్లిదండ్రుల వివరాలు గబగబా పూర్తయ్యాయి. సోషల్ మీడియా పేజీ తెరుచుకునేసరికి తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి మేడమ్. డాలస్‌ల మా బామ్మర్ది ఉన్నడు. అన్నీ తీసేసినంకనే నింపమన్నడు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. "ఇన్‌స్టా లేపెయ్ రా, ట్విట్టర్ లేపెయ్. అకౌంటే లేదని రాయి. ఎవడు చూడొచ్చిండు?" అంటున్నాడు మేనమామ. అబ్బాయి అప్పటికే తన ఫోన్ తీసి డిలీట్ మీద వేలు పెట్టాడు. ఆ వేలు వణుకుతోంది. నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను.

మా షాపుకు ఫారంతో పాటు ఎప్పుడూ ఒక సలహా కూడా వస్తుంది. బాబాయి చెప్పింది, కన్సల్టెన్సీ చెప్పింది, రూమ్మేట్ వాళ్ల అన్న చెప్పింది. చాలావరకు ప్రేమతో చెప్పినవే. అయినా వాటి వల్ల చెడిన కేసులు చూసి చూసి నాకు కడుపు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను. ఇందులో దరఖాస్తు పెట్టేవాళ్లకు చెప్పే సలహాలతో పాటు ప్రభుత్వాల చెవిలో ఊదే సలహాలూ ఉన్నాయి. మనం దాచేకొద్దీ వాళ్లు తవ్వుతున్నారు, వాళ్లు తవ్వేకొద్దీ మనం దాస్తున్నాం. రెండు వైపులా చెడు సలహాలే ఈ పోటీని పెంచుతున్నాయి.

"అన్నీ డిలీట్ కొట్టెయ్, అకౌంటే లేదని రాయి"

ఇది అన్నిటికన్నా ప్రమాదం.

2019 మే చివరి నుంచి డీఎస్-160 ఫారం గత అయిదేళ్లలో మీరు వాడిన సోషల్ మీడియా పేర్లన్నీ అడుగుతోంది. పాస్‌వర్డ్ అడగదు, ఏ వేదిక మీద ఏ పేరుతో ఉన్నారో చెప్పమంటుంది. 2025 జూన్ నుంచి ఎఫ్, ఎం, జే వీసాలకు వెళ్లే విద్యార్థులు, పరిశోధకులు తమ ప్రొఫైళ్లను అందరికీ కనిపించేలా పెట్టాలన్నారు. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ ఉద్యోగులకూ, హెచ్-4 మీద వెళ్లే వాళ్ల కుటుంబాలకూ అదే నిబంధన పెట్టారు. ఆ నెలలో వీసా స్టాంపింగ్ కోసం ఇంటికొచ్చిన మనవాళ్ల అపాయింట్‌మెంట్లు మార్చికి, ఆ పైకి జరిగిపోయాయి. ఉద్యోగం అక్కడ, మనిషి ఇక్కడ. వాళ్లలో ఇద్దరు నా షాపు బెంచీ మీదే కూర్చుని ఆఫీసు మీటింగులకు హాజరయ్యారు.

అంటే మీ అకౌంట్లు చూస్తారా అన్న సందేహమే లేదు, చూస్తారు. అకౌంటు లేదని రాసి, అది ఉన్నట్టు తేలితే ఏమవుతుంది? వీసా రాకపోవడం ఒక్కటే అయితే మళ్లీ ప్రయత్నించవచ్చు. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద తిరస్కరిస్తే రేపే మళ్లీ దరఖాస్తు పెట్టుకునే వీలుంది. తెలిసీ తప్పు చెప్పారని 212(ఎ)(6)(సి) కింద రాశారంటే మాత్రం ఆ ముద్ర జీవితాంతం ఉంటుంది. ప్రత్యేక మినహాయింపు వస్తే తప్ప చెరగదు. సినిమా హీరో గురించి ఎవడినో తిట్టిన ట్వీటు వీసా పోగొట్టదు, ఆ ట్వీటు దాయడానికి పెట్టిన సంతకం పోగొట్టవచ్చు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్న పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ల భుజాల మీద ఏ బూడిదా లేదు.

అందుకని పేర్లన్నీ రాయండి, వాడటం మానేసినవి కూడా. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం తేదీలూ రెజ్యూమేలో తేదీలూ ఒకటేనా అని చూసుకోండి, ఎక్కువగా తేడాలు పట్టుబడేది అక్కడే. ఫలానా పోస్టు రాసినందుకు మీకే సిగ్గుగా ఉంటే తీసేసుకోండి, అది మీ ఇష్టం. అకౌంటునే లేనట్టు చెయ్యడం వేరే సంగతి.

ఇంతవరకు పిల్లలకు. ఇప్పుడు ఈ ప్రశ్న పెట్టినవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఇది ఇంత వెడల్పుగా అడగాల్సిన ప్రశ్న కాదు. దీనికి ఊపు వచ్చింది 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 14 మందిని కాల్చి చంపినప్పుడు. హంతకుల్లో ఒకరైన తష్ఫీన్ మాలిక్ పెళ్లి వీసా మీద అమెరికా వచ్చింది. ఆమె ఫేస్‌బుక్‌లో బాహాటంగా జిహాద్ గురించి రాసిందనీ, అధికారులు చూడకుండా వదిలేశారనీ మొదట వార్తలొచ్చాయి. అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ రెండు వారాలకే ఆ మాట సరిదిద్దాడు. ఆమె రాసినవి వ్యక్తిగత సందేశాలు, బయటివాళ్లకు కనిపించేవి కావు. ఈలోగా సోషల్ మీడియా చూడాలన్న సలహా మాత్రం పాతుకుపోయింది. అందరికీ కనబడే గోడ చదివితే దొరికేది ఆమెలాంటివాళ్లు కాదు, మా సూర్యాపేట అబ్బాయిలాంటివాళ్లు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఎలుకను పట్టి వదిలేసినా బాగుండేది. 2025 మార్చిలో మాసచూసెట్స్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న రుమేసా ఓజ్‌టుర్క్ అనే టర్కీ అమ్మాయిని వీధిలో ముసుగులేసుకున్న అధికారులు పట్టుకెళ్లారు. అంతకు ఏడాది ముందు గాజా విషయంలో యూనివర్సిటీ వైఖరిని విమర్శిస్తూ క్యాంపస్ పత్రికలో ఒక వ్యాసం రాసినవాళ్లలో ఆమె ఒకరు. జడ్జి ఆదేశించి విడిపించేసరికి ఆరు వారాలు దాటింది. ఆమెను పట్టుకెళ్లిన వీడియో చూశాక మా షాపుకు వచ్చే ఆడపిల్లలు రాసుకున్న కవితలు కూడా తీసేస్తున్నారు. వరంగల్ అమ్మాయి ఒకతి, చెరువు కబ్జా మీద తన ఊరి కోసం పెట్టిన పోస్టు తీసెయ్యాలా అని అడిగింది. అమెరికాకూ ఆ చెరువుకూ ఏమిటమ్మా సంబంధం అన్నాను. "ఏమో మేడమ్, గవర్నమెంటును తిట్టినట్టుంటది కదా" అంది. ఒక దేశం తన తలుపు దగ్గర పెట్టిన ప్రశ్న ఇంకో దేశంలో ఒక పల్లెటూరి పిల్ల నోరు ఇలా మూయిస్తుంది.

నువ్వేం చేశావు అని అడగడం ప్రభుత్వం హక్కు. నువ్వేమనుకుంటున్నావు అని అడగడం మొదలైతే సమాధానాలన్నీ ఒక్కలాగే వస్తాయి, అందులో ఏదీ నిజం కాదు.

"బ్యాలెన్స్ చూపిస్తే చాలు, ఎవరి డబ్బయితేనేం"

ఫండ్స్ చూపించడం అని ఒక వ్యాపారమే ఉంది. ఎవరి డబ్బో మీ ఖాతాలో కొన్నాళ్లు కూర్చుంటుంది, దానికి కమీషన్. పొలం విలువ పెంచి రాసిన సర్టిఫికెట్ ఇంకొకటి. "అందరూ చేసేదే" అనేది ఈ సలహాకు తోక.

నేనూ ఒకప్పుడు ఈ పాపంలో చెయ్యి పెట్టాను. షాపు పెట్టిన మూడో ఏడు. ఒక కన్సల్టెన్సీ నుంచి అఫిడవిట్ వచ్చింది, టైపు చేసి ఇవ్వమన్నారు. తండ్రి వ్యాపారి, ఏటా ఇంత ఆదాయం అని ఉంది. ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. వాళ్ల నాన్న ఆర్టీసీ డ్రైవరని ఆమె అంతకుముందే నాతో చెప్పింది. నేను తల ఎత్తలేదు, టైపు చేశాను. పేజీకి పదిహేను రూపాయలు తీసుకున్నాను.

పది రోజుల తర్వాత ఆమె ఒక్కతే వచ్చి బెంచీ మీద కూర్చుంది. కౌంటర్లో ఆఫీసరు "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగాడట. చిన్నప్పట్నుంచి ఎవరడిగినా గర్వంగా చెప్పిన మాటే నోట్లోంచి వచ్చేసింది, డ్రైవర్ అని. ఆయన కాగితం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత తానేం మాట్లాడిందో తనకే గుర్తులేదంది. నన్ను ఒక్క మాట అనలేదు. "మా నాన్న పీఎఫ్ లోను, బ్యాంకు లోను కలిపితే సరిపోయేదే మేడమ్. నిజంగా సరిపోయేది" అని మాత్రం అంది.

ఆ రోజు నుంచి ఒక్క అంకె మార్చలేదు నేను. డ్రైవరు కూతురు చదువు లోను పెట్టుకుని వెళ్లడంలో అనుమానించాల్సింది ఏమీ లేదు. బ్యాంకు మంజూరు కాగితం, నాన్న జీతం చిట్టా, పీఎఫ్ పాస్‌బుక్కు పట్టుకెళ్లండి. చిన్న అంకె పెద్ద అబద్ధం కన్నా గట్టిది. డబ్బు విషయంలో అధికారి ఎంత గట్టిగా అడిగినా నాకు అభ్యంతరం లేదు. ఈ ఖాతాలో డబ్బు ఎప్పుడు పడింది, ఎవరు వేశారు, ఎందుకు వేశారు, అన్నీ అడగాలి. ఇది మనిషి మనసు గురించి కాదు, కాగితం గురించి. నిజాయితీగా లోను తెచ్చుకున్నవాడికి ఈ ప్రశ్నలు కాపలా లాంటివి.

"ఆ కాలేజీలో క్లాసులుండవు, మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు"

డే వన్ సీపీటీ అంటారు దీన్ని. చదువులో భాగంగా పని చేసే అనుమతి అసలు ఉద్దేశం. చదువే లేకుండా పని చేసుకోవడానికి కొందరు దీన్ని దారి చేశారు.

2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. ఆ ఫొటోలు చూసి ఇక్కడి తల్లిదండ్రులు ఏడ్చారు. యూనివర్సిటీ నడిపిన ఆవిడకు తర్వాత 16 ఏళ్లకు పైగా జైలు పడింది. ఆ పాఠం ఎనిమిదేళ్లు కూడా నిలవలేదు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుట్టు రట్టయింది. ఈసారి నడిపింది దొంగలు కాదు, అమెరికా ప్రభుత్వమే. ఇమిగ్రేషన్ అధికారులే ఒక వెబ్‌సైట్, ఒక ఆఫీసు, ఒక ముద్ర పెట్టి వల పన్నారు. పాఠం చెప్పేవాళ్లు లేరు, తరగతులు లేవు. దాదాపు 600 మంది చేరారు, ఎక్కువమంది మనదేశం వాళ్లు, వాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువ. మొదటి విడతలో అదుపులోకి తీసుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. కమీషన్ తీసుకుని పిల్లల్ని అందులో చేర్పించినవాళ్లూ మనవాళ్లే, వాళ్లకు జైలు శిక్షలు పడ్డాయి.

దీని గురించి ఇంట్లో కూడా వాదించాను. మా వారు "తెలిసీ చేరారు, అనుభవించారు" అంటారు. క్లాసు లేని కాలేజీ అని తెలిసి చేరితే అది చదువు కాదని ఇరవై మూడేళ్లవాడికి తెలియదా? తెలుసు. అక్కడిదాకా ఆయనతో నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ కాలేజీకి గుర్తింపు ఉన్నట్టు జాబితాల్లో పెట్టించింది కూడా ఆ ప్రభుత్వమే. చేరేముందు జాబితా చూసుకున్న పిల్లవాడు ఇంకెక్కడ చూసుకోవాలి? కట్టిన ఫీజు కూడా వెనక్కి ఇవ్వలేదు. చదువు చెబుతామని డబ్బు తీసుకుని చెప్పలేదన్న దావా ముందుకు సాగవచ్చని 2024లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. పరిశీలన అంటే ఎదుటివాడు చెప్పింది నిజమా కాదా అని చూడటం. మనమే ఒక అబద్ధం కట్టి, అందులోకి ఎవరొస్తారా అని కాపు కాయడం దాని కింద రాదు.

పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఆ యూనివర్సిటీలో ఇప్పుడు చదువుతున్న ఒకరితో మాట్లాడండి. గత సెమిస్టర్‌లో ఏ పాఠం, ఏ రోజు, ఏ గదిలో విన్నావని అడగండి. తడబడితే వదిలెయ్యండి.

"పురుడుకు వెళ్తున్నానని చెప్పకండి, నయాగరా చూడ్డానికని చెప్పండి"

ఈ సలహా అమ్మలకు, అత్తలకు. కూతురికో కోడలికో నెలలు నిండుతుంటాయి. పర్యాటక వీసాకు పెట్టుకుంటారు. అక్కడి నుంచి అల్లుడు బట్టీ పట్టాల్సిన సమాధానాలు వాట్సాప్‌లో పంపిస్తాడు.

తెనాలి నుంచి వచ్చిన ఒకావిడ నా ఎదురుగా కూర్చుని "నయాగరా, వాషింగ్టన్, వైట్ హౌస్" అని పెదవులు కదిపి చదువుకుంటోంది, మంత్రం చదివినట్టు. ఒళ్లో గుడ్డసంచి. సంచిలోంచి శొంఠి, వాము వాసన వస్తోంది. బాలింతకు కాయం కోసం మిల్లులో పట్టించుకుని అట్నుంచి అటే వచ్చిందట. ఫారంలో భద్రత ప్రశ్నల పేజీ వచ్చింది. మారణహోమంలో పాల్గొన్నారా, ఉగ్రవాదులకు సాయం చేశారా అని నేను చదివి తెలుగులో చెబుతుంటే "శివశివా" అని చెంపలేసుకుంది. ఇలాంటి ప్రశ్నలకు అవునని ఎవరూ రాయరని అడిగేవాళ్లకూ తెలుసు. రేపు అది అబద్ధమని తేలితే ఈ సంతకమే సాక్ష్యం అవుతుంది, అందుకోసం అడుగుతారు. అది న్యాయమే.

"పిన్నిగారూ, అసలెందుకు వెళ్తున్నారు?" అన్నాను.

"అమ్మాయికి తొలిచూలమ్మా. నేను కాకపోతే ఎవరు చూస్తారు?"

"అదే చెప్పండి."

"అల్లుడుగారు వద్దన్నారు తల్లీ."

అయినవాళ్లను చూడటానికి వెళ్లడం ఆ వీసాకు సరైన కారణమే. ఎన్నాళ్లుంటారు, ఖర్చులెవరివి, తిరిగొచ్చాక ఇక్కడ ఏముంది అని అడుగుతారు. ఇక్కడ ఆవిడకు మంచం పట్టిన అత్తగారు, రెండు గేదెలు, పెళ్లికావాల్సిన చిన్నకొడుకు ఉన్నారు. ఇంతకు మించిన కారణం నయాగరాలో ఎక్కడుంది? 1952 నాటి చట్టం ప్రకారం ఈ రకం వీసాకు వచ్చే ప్రతి మనిషినీ అక్కడే ఉండిపోయేవాడిగా అనుకోవాలి, కాదని మనమే చూపించుకోవాలి. 214(బి) అంటే అదే. ఎదురుగా ఉన్న రెండు మూడు నిమిషాల్లో బట్టీ పట్టిన మాట పనిచెయ్యదు. నానక్‌రామ్‌గూడ కౌంటర్లలో కూర్చున్నవాళ్లు ఒకే సమాధానం రోజుకు ఎన్నిసార్లు వింటారో ఆలోచించండి. పెద్దవాళ్లు తెలుగులోనే మాట్లాడొచ్చు. మన మాటలో మన సంగతి చెప్పుకుంటే గొంతు వణకదు.

ఆవిడ నా మాట విందో అల్లుడి మాట విందో తెలియదు. నాలుగు నెలల తర్వాత మనవరాలి ఫొటో పంపింది.

"చిలుకూరుకెళ్లి పదకొండు చుట్లు తిరిగితే చాలు"

వెళ్లండి. నేనూ వెళ్తాను. ఉస్మాన్ సాగర్ గాలికి పొద్దున్నే ప్రదక్షిణలు చేస్తే గుండె దడ తగ్గుతుంది. హుండీ లేని గుడి అది, అడిగేది మీ నడకే. కాగితాలు సరిచూసుకుని వెళ్లండి, అంతే.

"ఎంత ఎక్కువ అడిగితే అంత భద్రం"

ఇది ప్రభుత్వాలకు చెప్పే సలహా. చెప్పేవాళ్లు టీవీల్లో గట్టిగా చెబుతారు, వినేవాళ్లకు బాగుంటుంది కూడా.

2001 సెప్టెంబరు 11 దాడుల్లో విమానాలు నడిపిన మొహమ్మద్ అట్టా, మార్వాన్ అల్ షెహీలకు విద్యార్థులుగా ఉండేందుకు అనుమతి ఇచ్చినట్టు కాగితాలు ఫ్లోరిడాలోని విమాన శిక్షణ పాఠశాలకు ఎప్పుడు చేరాయో తెలుసా? 2002 మార్చిలో. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటాం కదా, ఇక్కడ లెక్కకు సరిగ్గా ఆరు నెలలు. అక్కడ ప్రశ్నలకు కరువు లేదు. ఒక ఆఫీసుకు తెలిసింది ఇంకో ఆఫీసుకు తెలియకపోవడమే జబ్బు. ఆ తర్వాత విద్యార్థి ఏ కాలేజీలో ఉన్నాడు, హాజరవుతున్నాడా లేదా అని కంప్యూటర్లో నమోదు చేసే సెవిస్ వచ్చింది. అది మంచి పని. మనిషి ఎక్కడున్నాడు, చెప్పిన పని చేస్తున్నాడా అని అది చూస్తుంది. దాని కోసం ప్రతి విద్యార్థీ 350 డాలర్లు కడుతున్నాడు, నేను కట్టించని వారం లేదు. కష్టమైన పని అంటే ఇలాంటిది, జాగ్రత్తగా, ఓపికగా సమాచారం కలపడం. పిల్లల ఇన్‌స్టా చదవడం సులువు కాబట్టి అది చేస్తున్నారు.

గట్టి పరిశీలన పేరుతో తప్పు మనుషుల్ని ఆపిన చరిత్ర కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు పౌరసత్వం చెల్లదని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెల్లవాడు కాదన్నదే కారణం. ఆ గోడ 1946 దాకా భారతీయులందరికీ అడ్డం నిలిచింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ గోడకు అవతలే బతికాడు. లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించాడు, బోదకాలుకు మందు, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1948లో కన్నుమూసేనాటికి కూడా ఆయన ఆ దేశం లెక్కలో పరాయివాడే. పరాయివాడిగానే వాళ్ల రోగులకు మందులిచ్చాడు. అప్పుడు చూసింది ఆయన పనిని కాదు, చర్మాన్ని. ఇప్పుడు చర్మం బదులు అభిప్రాయం చూస్తున్నారు. పని చూడటం ఎప్పుడు మొదలుపెడతారు?

"వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం" అంటారు మనవాళ్లే. ఇల్లు వాళ్లదే. తలుపు తట్టినవాడి పేరు, ఊరు, వచ్చిన పని అడగాలి, చేతిలో ఏముందో చూడాలి. పూజగది ముందు ఏం మొక్కుకున్నావని అడిగితే మర్యాదస్తుడు వెనక్కి తిరిగిపోతాడు, అబద్ధాలకోరు నవ్వుతూ లోపలికొస్తాడు.

"పౌరసత్వం వచ్చేశాక ఇక ఎవడడుగుతాడు"

అడుగుతారు. పౌరసత్వం కోసం పెట్టే ఎన్-400 ఫారంలో రాసింది తప్పని తేలితే అమెరికా పౌరసత్వం వెనక్కి తీసుకునే చట్టం ఉంది. అయితే ప్రతి చిన్న తప్పుకూ అలా తీసుకోకూడదనీ, ఆ అబద్ధం పౌరసత్వం రావడంలో పాత్ర పోషించి ఉండాలనీ 2017లో మాస్లెన్యాక్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. నాకు ఈ కొలత నచ్చింది.

మన సంగతీ చూద్దాం. వేములవాడ నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరసత్వం తీసుకుని, తిరిగి 2009లో భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు ఏడాది పాటు ఇక్కడే ఉండాలన్నది నిబంధన. అది పాటించలేదని, వాస్తవాలు దాచారని వివాదం మొదలై కేంద్ర హోంశాఖ, హైకోర్టు, సుప్రీంకోర్టు మధ్య తిరిగింది. ఆయన జర్మనీ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు 2024 డిసెంబరులో తేల్చి 30 లక్షలు కట్టమంది. నాలుగు ఎన్నికలు, పదిహేనేళ్లు. ఎవరి పక్షాన ఉన్నవాళ్లైనా ఒక ప్రశ్న వేసుకోవాలి. పాస్‌పోర్టులో ఎన్ని రోజులు లోపల, ఎన్ని రోజులు బయట అన్నది కాగితం ఇవ్వకముందు లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఆ లెక్క గట్టిగా చూడండి. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చినవాడికైనా, కూలి బట్టల్లో వచ్చినవాడికైనా ఒకే లెక్క చూడండి. ఇచ్చేముందు చూడాల్సింది ఇచ్చేశాక పదిహేనేళ్లు వెతకడం ఎవరికీ న్యాయం కాదు, ఓటేసినవాళ్లకు అసలే కాదు.

సూర్యాపేట అబ్బాయి వేలు ఇంకా డిలీట్ మీదే ఉంది. నేను ఇవన్నీ చెప్పలేదు, అంత టైము లేదు. ఆర్టీసీ డ్రైవరు కూతురి సంగతి ఒక్కటే చెప్పాను, ఆ అఫిడవిట్ నా చేత్తోనే టైపు చేశానని కూడా చెప్పాను. తండ్రి కాసేపు నా మొహం చూశాడు. తర్వాత స్పీకర్ తీసేసి, ఫోన్ చెవికి పెట్టుకుని, "బావా, మల్ల చేస్త" అని కట్ చేశాడు.

"రాయండి మేడమ్" అన్నాడు అబ్బాయి. ఇన్‌స్టా, ట్విట్టర్, లింక్డ్‌ఇన్ రాశాం. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవన్నాడు. నేను నెక్స్ట్ నొక్కబోతుంటే "మేడమ్, ఒక్క నిమిషం" అన్నాడు. ఇంటర్‌లో హీరో పేరు మీద పెట్టుకున్న యూట్యూబ్ చానలట, మూడేళ్లుగా తెరవలేదట. తండ్రి వైపు చూడకుండా తలొంచుకుని ఒక్కో అక్షరం చెప్పసాగాడు.

"అండర్‌స్కోర్ రెండుసార్లు మేడమ్" అన్నాడు.

రెండుసార్లు కొట్టాను.